గుజ్జు అరిగిందన్నారు... మెట్ల దారిలో కొండెక్కగలనా?

ప్రశ్న: మాది తెనాలి. నా వయసు 56. చాలా ఏళ్లుగా ఇంట్లోనే మెషీన్ కుడుతున్నాను. ఏడాదిగా కుడి మోకాలు నొప్పి. కింద కూర్చుంటే చేతి ఊతం లేనిదే లేవలేను. మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటుంది. ఎక్స్‌రే తీసి, ‘గ్రేడ్ 2, గుజ్జు అరిగింది, నడక తగ్గించండి’ అన్నారు. తగ్గించాను. నొప్పి తగ్గకపోగా కాలు ఇంకా నీరసపడింది. అలిపిరి మెట్ల దారిలో కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఇక ఆపరేషనే దిక్కా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆపరేషన్ దాకా వెళ్లాల్సిన మోకాలు కాదు. ఎక్స్‌రేలో అరుగుదలను 0 నుంచి 4 వరకు కొలుస్తారు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఇచ్చిన కొలత అది. 2 అంటే తక్కువ స్థాయి మార్పులు. మీ వయసులో నొప్పి ఏమీ లేనివాళ్లకు తీసినా చాలామందికి అలాగే వస్తుంది. నా దగ్గరికి గ్రేడ్ 4 ఉండి కూడా పొలం పనులకు వెళ్లేవాళ్లు వస్తారు, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి నాలుగడుగులు వేయలేనివాళ్లూ వస్తారు. అందుకే నేను ఫిల్ము చూసే ముందు మనిషిని కుర్చీలోంచి లేవమంటాను. లేచే తీరులో నాకు చాలా సంగతులు తెలుస్తాయి.

గుజ్జు అని మనం అనే ఆ మెత్తని పొరలో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. నొప్పి దాని చుట్టుపక్కల నుంచి పుడుతుంది. కింది ఎముక, కీలు లోపలి పొర, చిప్పను పట్టుకున్న కండరాలు, ఇవన్నీ నొప్పి పెడతాయి. ఇక రక్తనాళాలు లేని గుజ్జుకు ఆహారం ఎలా అందుతుంది? కాలు మోపినప్పుడు అది నొక్కుకుని, తీసినప్పుడు వదులై, కీలులోని ద్రవాన్ని స్పాంజిలా పీల్చుకుంటుంది. నడక మానేస్తే గుజ్జు మిగలదమ్మా, దానికి అందాల్సింది అందదు. పైగా తొడ ముందు కండరం సన్నబడుతుంది. ఆ కండరం తగ్గినకొద్దీ అడుగు బరువంతా కీలు మీదే పడుతుంది. మీ కాలు నీరసపడిందని రాశారే, అసలు మనం పట్టించుకోవాల్సింది అదే.

కాలికి బలం వచ్చే వ్యాయామాలు చెబుతాను. మొదటి రెండు వారాలు మంచం మీదే చేయండి. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పది సార్లు. తర్వాత ఎడమ మోకాలు మడిచి, కుడి కాలు బిగపట్టి జానెడు ఎత్తు లేపి మెల్లగా దించండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని పై కాలును పక్కకు లేపడం కూడా మానకండి. తుంటి కండరం బలంగా లేకపోతే నడకలో మోకాలు లోపలికి వంగుతుంది.

ఆ తర్వాతది నాకు అన్నిటికంటే ముఖ్యం. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, దాని మీద దిండు వేసి కూర్చోండి. చేతులు ఊనకుండా లేవండి. కూర్చునేటప్పుడు ధభీమని పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ఎనిమిదితో మొదలుపెట్టండి. అలవాటయ్యాక దిండు తీసేయండి. ఇది రోజు విడిచి రోజు చేసినా చాలు, నడక మాత్రం రోజూ ఉండాలి.

చేస్తుంటే నొప్పి వస్తుంది. ‘నొప్పి వచ్చింది, అరిగిపోతోంది’ అని అందరూ ఆగిపోయేది ఇక్కడే. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేసుకోండి. నాలుగు దాకా పర్వాలేదు, మర్నాటికి సర్దుకుంటే అది మీ కాలు తట్టుకోగలిగిన పనే. మర్నాడు కూడా పెరిగే ఉంటే, వాపు వస్తే, లెక్క తగ్గించండి, మానేయకండి. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కనీసం మూడు నెలలు వదలొద్దు.

నొప్పి తగ్గడానికి మోకాలికి కరెంటు పెట్టించుకోమంటారా అని చాలామంది అడుగుతుంటారు. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో కీళ్ల అరుగుదలకు వ్యాయామమే ప్రధాన చికిత్స అని చెప్పింది, అల్ట్రాసౌండ్, కరెంటు చికిత్సలు ఇవ్వొద్దంది. పది రోజులు కరెంటు మాత్రమే పెట్టి పంపేస్తుంటే, ‘నాకు వ్యాయామం ఎప్పుడు నేర్పుతారు?’ అని మొహమాటం లేకుండా అడగండి. ఆ అడిగే హక్కు మీకుంది. వేడి కాపడం హాయిగా ఉంటే పెట్టుకోండి, తప్పులేదు.

కుట్టేటప్పుడు స్టూలు ఎత్తు పెంచి, తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండేలా చూసుకోండి. అరగంటకోసారి లేచి వాకిట్లోకి వెళ్లి రండి. బరువు ఎంతో మీరు రాయలేదు. ఎక్కువుంటే, తగ్గిన ప్రతి కిలోకీ అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఇక మీ మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు ఎక్కువ, ఆపైన చాలా దూరం తేలిక, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిటారు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా అనుకోకండి, దూరం తక్కువ కాబట్టి ఎక్కుడు గట్టిగా ఉంటుంది. మీకు అలిపిరే నయం. మూడు నెలల వ్యాయామం అయ్యాక ఇంటి మెట్ల మీద సాధన మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు కుడి కాలు ముందు. కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కొండమీద నుంచి బస్సులో దిగండి, మోకాలిని ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ కష్టపెడుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర కొందరు మోకాళ్ల మీద ఎక్కుతారు, అది మాత్రం మీకు వద్దు.

మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, కాలు మడత దగ్గర ఇరుక్కుని చాపుకోలేకపోయినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాను. నెలలోనే చిప్ప చుట్టూ నొప్పి. మెట్లెక్కినా, ఎక్కువసేపు కూర్చున్నా లాగుతుంది. దెబ్బ తగల్లేదు, వాపు లేదు. ఎంఆర్ఐ తీయించాలా? (ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: తమ్ముడూ, దెబ్బ, వాపు లేవు, కాలు జారిపోతోందనీ రాయలేదు కాబట్టి ఇప్పుడే ఎంఆర్ఐ అక్కర్లేదు. ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంట్ తెగితే ఇలా ఉండదు. కాలు అలవాటు పడేలోపే పరుగు బాగా పెంచేసినప్పుడు చిప్ప వెనక ఇలాంటి నొప్పి వస్తుంది. పరుగు పూర్తిగా మానొద్దు, సగానికి తగ్గించు. ఫుల్ స్పీడ్ పరుగు, గుంజీలు రెండు వారాలు పక్కన పెట్టు. అడుగులు పొట్టిగా, త్వరత్వరగా వేయి. తొడకు, తుంటికి పైన చెప్పిన వ్యాయామాలే చేయి, కొన్నాళ్లకు ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించు. నొప్పి పదికి మూడు దాటకపోతే వారానికి కొంచెం కొంచెం దూరం పెంచు, స్పీడ్ సంగతి ఆ తర్వాత. ఆరు వారాలకీ ఇలాగే ఉంటే దగ్గర్లోని ఫిజియోథెరపిస్టు ముందు పరిగెత్తి చూపించు. వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే బూట్లు కూడా తీసుకెళ్లు.