తాతగారి ఫియట్‌ను రోడ్డెక్కించే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కు, ఆశీస్సులు.

తాతగారి ఫియట్‌ను బాగు చేయించి, రోజూ పిల్లలను అందులోనే బడికి దింపాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ బండిని కాపాడుకోవాలన్న నీ ఆలోచన నాకెంతో నచ్చింది. అయితే "పాతకాలపు ఇనుము, గుద్దుకున్నా ఏమీ కాదు" అనే మాట నమ్మి పిల్లలను మాత్రం అందులో ఎక్కించవద్దు.

2009లో అమెరికాలో బీమా కంపెనీలు రహదారి భద్రత కోసం నడిపే సంస్థ ఒకటి 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబును చెరి 64 కిలోమీటర్ల వేగంతో, డ్రైవరు వైపు భాగాలు తగిలేలా ఎదురెదురుగా ఢీకొట్టించింది. చూడటానికి ఎంతో దిట్టంగా ఉండే బెల్ ఎయిర్‌లో మనుషులు కూర్చునే చోటే నలిగిపోయి, స్టీరింగ్, డ్యాష్‌బోర్డు డ్రైవరు సీట్లో కూర్చోబెట్టిన మనిషి బొమ్మ మీదికి వచ్చేశాయి. అక్కడ మనిషే ఉంటే బతికేవాడు కాదు. మాలిబులోని వాడికి కాలి గాయంతో పోయేది.

గుద్దుకున్నప్పుడు ప్రాణం తీసేది ఒంటి వేగం ఒక్కసారిగా ఆగిపోవడమే. కొత్త కారు ముందు భాగం కావాలనే నలిగి, ఆగడానికి కాస్త దూరమూ, రెప్పపాటులో కొంతైనా ఎక్కువ సమయమూ ఇస్తుంది. మనుషులుండే భాగాన్ని మాత్రం నలగని ఉక్కుతో కడతారు. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరెన్యీ రూపొందించిన ఈ పద్ధతి 1959లో అమ్మకపు కార్లలోకి వచ్చింది. వోల్వోలో నిల్స్ బోలిన్ తయారు చేసిన, మూడు చోట్ల బిగించే సీటు బెల్టు వచ్చిందీ ఆ ఏడాదే. మన ఫియట్ 1100 మూలరూపం 1953 నాటిది కనుక ఆ రెండూ దానికి పుట్టుకతో రాలేదు.

బెల్టులు వేయించేటప్పుడు దగ్గరుండి చూడు. ఉత్త నేల రేకుకు బోల్టు బిగించి పంపితే, గుద్దుకున్న క్షణాన ఆ రేకు చిరిగి బెల్టు ఊడి వస్తుంది. కింద దళసరి ఉక్కు ప్లేటు వెల్డింగ్ చేయించాలి, అంతకుముందే మ్యాట్లన్నీ తీయించి తుప్పును సుత్తితో తట్టి చూడాలి. నాలుగు చక్రాలకూ, వేగం మీద వేడెక్కి పట్టు తగ్గే డ్రమ్ము బ్రేకులే ఉన్న బండి కాబట్టి, 120 వేగాన్ని అనుమతించే ఔటర్ రింగు రోడ్డు జోలికి పోవద్దు. ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద నెమ్మదిగా ఒక్కడివే తిప్పుకో. పైగా 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే, 2021 నిబంధనల ప్రకారం దాన్ని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకే తప్ప రోజువారీగా నడపకూడదు.

బడికి వేరే కారు కొను. కొత్త కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే మన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలోనూ ముందు గుద్దుడు వేగం 64 కిలోమీటర్లే. పిల్లల రక్షణకు అందులో విడిగా స్టార్లు ఇస్తారు, ముందు అవి చూడు.

ఇట్లు,
మీ పెదనాన్న