లోపల దీపాలు వెలిగే కాగితపు బొమ్మ

ప్రశ్న: జపాన్‌లోని ఆవొమోరిలో నెబుతా పండుగకు లోపల దీపాలున్న కాగితపు బొమ్మల బండ్లు తిప్పుతారట. వినాయక నిమజ్జనానికి అలాంటిది చేయాలని మా కుర్రాళ్ల ఉబలాటం. రంగు కారకుండా ఎలా చేస్తారండీ?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఏటా ఆగస్టు 2 నుంచి 7 వరకు జరిగే పండుగ అది. అక్కడి పెద్ద బండి చక్రాలతో కలిపి 5 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల పొడవు ఉంటుంది. మీ వీధుల్లో ఆ ఆశ వద్దు. ముందు దారిలో బాగా కిందికి వేలాడే కరెంటు తీగ ఎత్తు చూసుకోండి, బొమ్మ దానికి చాలా కిందే ఆగాలి.

కర్రలు నిలబెట్టి, సన్నటి ఇనప తీగతో ఆకారం కడతారు. బల్బులు, వైర్లు అప్పుడే బిగిస్తారు. కాగితం అంటించాక లోపల చెయ్యి ఆడదు మరి! మీరు ఎల్‌ఈడీలే వాడండి, కాగితానికి జానెడు దూరంలో. దగ్గరైతే అక్కడొక్కచోటే తెల్లగా మెరిసి బొమ్మ ముఖం పాడవుతుంది.

తీగల మధ్య ఒక్కో గడికి ఒక్కో ముక్క వాషి అనే జపాన్ సంప్రదాయ కాగితం అంటిస్తారు. గాలిపటాల కాగితం మాత్రం వద్దు, తడి రంగు తగిలితే చిరుగుతుంది. పల్చటి తెల్ల నూలుగుడ్డ మేలు.

రంగు కారకపోవడమంతా మైనం పని. నల్ల సిరాతో గీతలు గీశాక, కరిగించిన పారఫిన్ మైనాన్ని కుంచెతో రంగుల సరిహద్దుల మీద రాస్తారు. రంగు దాన్ని దాటదు, పైగా మైనం తాగినచోట వెలుతురు బాగా వస్తుంది. మైనం చల్లారితే పైపైనే పేరుకుంటుంది, లోపలికి ఇంకదు. వేడిగానే రాయాలి, కానీ నేరుగా మంట మీద కాచకండి, నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి.

వానొస్తే వాళ్లు ప్లాస్టిక్ షీటు కప్పి తిప్పుతారు. మీరూ ఒకటి కొలతకు కుట్టించి ఉంచుకోండి.