పర్చేజ్ ఆర్డర్ (పీవో)లో 90 రోజులు, ఐదు నెలలైనా డబ్బు రాలేదు: సమాధానం

ఒక కంపెనీకి అట్టపెట్టెలు సరఫరా చేశాం, పీవోలో 90 రోజుల్లో చెల్లిస్తామని ఉంది, ఐదు నెలలైనా కట్టలేదు, ఏం చేయాలని అడిగారు. చిక్కు మీ చలానాల్లో (సరుకుతో పంపే డెలివరీ కాగితాల్లో) ఉండి ఉంటుంది. అట్టపెట్టెలు దింపి ఐదు నెలలైనా "క్వాలిటీ చెకింగ్ కాలేదు" అంటున్నారంటే, సరుకు ఏ రోజు అందిందో మీ దగ్గర గట్టి కాగితం లేదని వాళ్ల ధీమా.

మీది చిన్న యూనిట్ కాబట్టి పీవోలో 90 రోజులని రాసుకున్నా చెల్లదు, 2006 ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం సెక్షన్ 15 ప్రకారం గరిష్ఠం 45 రోజులే.

చాలామంది వదిలేసేది ఇది: సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క, గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. ఫోన్‌లో "చూస్తున్నాం సార్" అన్నది అభ్యంతరం కాదు. అందుకే తేదీ రుజువు ముఖ్యం.

1. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) సరుకు పంపకముందే ఉందా చూడండి. లేకపోతే కేసు బలహీనం.
2. గేటు ముద్ర ఉన్న చలానా, జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు కొనుగోలుదారు ఇచ్చే కాగితం) కాపీ, ఈ-వే బిల్లు, లారీ రసీదు పోగేయండి.
3. ఇన్‌వాయిస్‌వారీగా తేదీలతో మెయిల్ పెట్టండి. సెక్షన్ 16 కింద ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ అని రాయండి. పర్చేజ్ వాళ్లకే కాదు, అకౌంట్స్‌కూ పంపండి. గడువు దాటిన బిల్లును, కట్టేదాకా ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపలేరని వాళ్లకు బాగా తెలుసు.
4. కదలకపోతే ఇలాంటి బకాయిల వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి ఆర్డర్లు ఆగొచ్చు, అది మీరే తేల్చుకోవాలి.