నువ్వు పూత ఆకులుగా మారుతోందా? అది బోరాన్ లోపం కాదు, వెర్రి తెగులు

ప్రశ్న: వానాకాలం మక్క తీసిన చేలో యాసంగికి ఎకరంన్నర తెల్ల నువ్వు వేశాను. 45 రోజుల పైరు. కొన్ని మొక్కల చివర్లలో పూత ఆకుల్లా మారి గుబురుగా అవుతోంది, కాయ కట్టడం లేదు. బోరాన్ లోపం అనుకుని దుకాణంలో అడిగితే బోరాన్, కార్బెండజిమ్–మాంకోజెబ్, ఒక టానిక్ కలిపి రెండుసార్లు కొట్టించారు. తగ్గలేదు. విత్తనమే నకిలీదా? ఇంకేం కొట్టాలి? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఈ నువ్వులు ఇంట్లో తినొచ్చా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: మీ చేలో ఉన్నది బోరాన్ లోపం కాదు. విత్తనం తప్పూ కాదు. అది వెర్రి తెగులు. అనుమానం ఉంటే ఒక గుబురును చేతిలోకి తీసుకుని విప్పి చూడండి. పూరేకులు ఉండాల్సిన చోట, కేసరాలు ఉండాల్సిన చోట కూడా చిన్న చిన్న పచ్చటి ఆకులే కనిపిస్తాయి. కణుపులు దగ్గరపడి కొమ్మ చీపురుకట్టలా ఉంటుంది. ఏ పోషక లోపంలోనూ పువ్వు ఇలా ఆకుగా మారదు.

దీనికి కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. రసం పీల్చే దీపపు పురుగులు దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. శిలీంధ్రం కాదు కాబట్టి కార్బెండజిమ్, మాంకోజెబ్ దీని మీద పనిచేయవు. ఆ రెండు పిచికారీల డబ్బు వృథా అయింది. ఈరోజు మీకు కనబడుతున్న తెగులు కొన్ని వారాల కిందటే మొక్కలోకి చేరింది. తెగులు పట్టిన మొక్క ఏ మందుకూ కోలుకోదు.

అందుకే ముందు చేయాల్సింది పీకడం. ఉదయం పూట సాలు సాలూ తిరిగి, గుబురు కట్టిన ప్రతి మొక్కనూ వేరుతో సహా పీకి, గట్టు మీద పడేయకుండా దూరంగా తీసుకెళ్లి కాల్చండి. వారం తర్వాత మరోసారి తిరగండి. గట్ల మీద కలుపు కూడా తీయండి, దీపపు పురుగులు అక్కడే దాక్కుంటాయి.

ఆ తర్వాత ఆకుల అడుగున చూడండి. పురుగులు కనిపిస్తేనే డైమిథోయేట్ 30 శాతం మందు లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల నీటిలో 400 మి.లీ. కలిపి ఒక్కసారి పిచికారీ చేయండి. పూత మీద ఉన్న పైరు కాబట్టి సాయంత్రం ఎండ తగ్గి, తేనెటీగలు వెళ్లిపోయాకే కొట్టండి. పురుగు కనిపించకపోతే అసలు కొట్టొద్దు. ఈ మందులో టానిక్, బోరాన్, శిలీంధ్రనాశిని ఏదీ కలపొద్దు.

ఈ కలిపి కొట్టే అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. మొక్కను చూడకుండా, పేరు మాత్రమే విని మూడు డబ్బాలు చేతిలో పెట్టే డీలర్ మీకు వైద్యం చేయడం లేదు, సరుకు అమ్ముతున్నాడు. నువ్వు తక్కువ ఖర్చుతో పండే పంట. రెండు అనవసరపు పిచికారీలు చాలు, మిగిలే కాస్త లాభం కరిగిపోవడానికి. పైగా ఇది తినే గింజ. 2020లో మన నువ్వుల్లో, నిల్వ సరుకులో క్రిములను చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు అవశేషాలు దొరికాయని యూరప్ దేశాలు సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాయి. అది చేలో కొట్టే మందు కాదు, నిజమే. కానీ కొనేవాళ్లు ఇప్పుడు గింజలో ఏముందో పరీక్షిస్తున్నారని గుర్తుంచుకోండి.

ఇప్పుడు తినే మాట. పైరు చేతికి రావడానికి ఇంకా ఐదారు వారాలు ఉంది. ఇప్పుడు ఒక్కసారి కొట్టి ఆపేస్తే ఇంట్లో వాడుకోవచ్చు. కాయ ముదిరాక మాత్రం ఏ మందూ కొట్టొద్దు. వీలైతే ఇంటికోసం రెండు గుంటలు మందు లేకుండా వదిలేయండి.

నువ్వుల్లో కాల్షియం మెండు, అయితే ఎక్కువ భాగం పొట్టులోనే ఉంటుంది. పొట్టు తీసి అమ్మే తెల్లటి పప్పులో అది చాలావరకు పోతుంది. మీ గింజను కడిగి ఆరబెట్టి, సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో పొడి కొట్టుకోండి. బెల్లంతో దంచి ముద్దలు చేసినా మంచిదే. అమ్మగారికి రోజుకు ఒకటి రెండు చెంచాలు చాలు. కిడ్నీలో రాళ్లుంటే డాక్టర్‌ని అడిగాకే పెట్టండి, పొట్టులో ఆక్సలేట్లు కూడా ఎక్కువ. గోరువెచ్చటి నువ్వుల నూనెతో మర్దన చేస్తే మోకాళ్లకు హాయిగా ఉంటుంది, కానీ అరిగిన కీలు దానితో బాగవదు. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

కాయలు ముప్పాతిక వంతు పసుపు రంగుకు తిరగగానే కోయండి. పూర్తిగా ఎండేదాకా ఆగితే కాయ పగిలి గింజంతా చేలోనే రాలుతుంది. వచ్చే ఏడు విత్తిన 20–25 రోజులకే దీపపు పురుగుల కోసం చూడడం మొదలుపెట్టండి. ఈలోగా చేలో మరేదైనా తేడా కనిపిస్తే, దుకాణానికి వెళ్లే ముందు ఒక మొక్కను పీకి మీ జిల్లాలోని పొలాస వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్లండి.