స్కాన్ నార్మల్ వస్తే జబ్బు లేనట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడు లారీ డ్రైవరు. ఎనిమిది నెలల కిందట హైవే మీద యాక్సిడెంటైంది. వాడు చిన్న దెబ్బలతో బయటపడ్డాడు గానీ పక్కనున్న క్లీనరు కళ్లముందే చనిపోయాడు. అప్పట్నుంచి హారన్ వినబడితే వణికిపోతాడు, నిద్రలో అరుస్తాడు, స్టీరింగ్ పట్టనంటాడు. డాక్టరు పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వెంటాడే మానసిక జబ్బు) అన్నారు. ఆ జబ్బులో మెదడు కుంచించుకుపోతుందని చదివి ఎమ్మారై తీయిస్తే నార్మల్ అని వచ్చింది. దాంతో నాన్న ‘ఇదంతా నాటకం’ అంటున్నారు. ఇంకోచోట స్కాన్ తీయించాలా? నిద్ర కోసం మందుల షాపులో అడిగి రోజూ అల్ప్రాజోలం వేస్తున్నాం.
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ఇంకో స్కాన్ వద్దు, ఆ డబ్బు చికిత్సకు ఉంచండి. మీ తమ్ముడిది నాటకం కాదని నాన్నగారికి గట్టిగా చెప్పండి. మామూలు ఎమ్మారైలో రేడియాలజిస్టు వెతికేది రక్తస్రావం, గడ్డ, తలకు తగిలిన దెబ్బ ఆనవాళ్లు. అవి లేవని తేలింది, మంచిదే. కానీ పీటీఎస్‌డీ ఉందో లేదో తేల్చే స్కాన్ ఇంతవరకు లేదు. లక్షణాలు అడిగి, అవి నెల దాటి కొనసాగుతున్నాయని చూసి డాక్టరు నిర్ధారిస్తారు.

మీరు చదివింది అబద్ధం కాదు. జ్ఞాపకాలకు చోటు, సమయం జోడించే హిప్పోక్యాంపస్ అనే భాగం, వియత్నాం యుద్ధం నుంచి పీటీఎస్‌డీతో తిరిగొచ్చిన అమెరికా సైనికుల్లో కుడివైపు సగటున 8 శాతం చిన్నగా ఉందని 1995లో ఒక పరిశోధన చూపింది. ఆ తర్వాత 2018లో 16 బృందాలు కలిసి 1,868 మంది స్కాన్లను కొలిస్తే తేడా ఉందని తేలింది గానీ, చాలా స్వల్పం. జబ్బున్నవాళ్ల కొలతలూ లేనివాళ్ల కొలతలూ తొంభై శాతానికి పైగా ఒకదానిలో ఒకటి కలిసిపోయేంత! వందలమంది సగటులో కనబడే తేడాను ఒక్క మనిషి స్కాన్‌లో పట్టుకోలేం.

పైగా, ఆ భాగం జబ్బు వల్లే చిన్నదైందా అన్నదీ తేలని సంగతే. 2002లో ఒకే పోలిక కవలలను పరీక్షించారు. ఒకరు వియత్నాంలో పోరాడారు, రెండోవారు యుద్ధానికే వెళ్లలేదు. పీటీఎస్‌డీ తీవ్రంగా ఉన్న సైనికుల విషయంలో, ఇంటిదగ్గరున్న కవల సోదరుడి హిప్పోక్యాంపస్ కూడా చిన్నగానే ఉంది. అంటే కొందరికి ఆ తేడా ముందునుంచే ఉండి, జబ్బుకు దారి సులువు చేసి ఉండొచ్చు. కాబట్టి ‘నీ మెదడు పాడైపోయింది’ అన్న మాట మీ తమ్ముడి దగ్గర అనకండి.

అసలు ఇబ్బంది మెదడు పనితీరులో ఉంది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం హారన్ వినగానే అతిగా స్పందిస్తుంది. ‘ఇప్పుడేం ప్రమాదం లేదు’ అని దాన్ని అదుపుచేయాల్సిన నుదుటి వెనక భాగం సరిగా పనిచేయదు. ఈ రెండోదాన్ని మళ్లీ పనిలో పెట్టేదే చికిత్స. సైకియాట్రిస్టుతో పాటు, ట్రామా చికిత్స తెలిసిన క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలో సాధారణంగా వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సిటింగులు, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. ఆ రోజు జరిగింది వివరంగా చెప్పిస్తారు, తప్పించుకుంటున్నవాటికి మెట్టుమెట్టుగా దగ్గర చేస్తారు: ముందు ఆపి ఉన్న లారీలో కూర్చోవడం, తర్వాత ఇంజను స్టార్ట్ చేయడం, ఆ తర్వాత ఖాళీ రోడ్డు. మొదటి కొన్ని సిటింగుల్లో కొందరికి కలలు, కంగారు కాస్త పెరగొచ్చు, మానేయాలనీ అనిపించొచ్చు. అది తెలిసి ఉంటే మీరు పక్కనుండి నిలబెట్టగలరు. నాన్నగారు బలవంతంగా స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడం మాత్రం చికిత్స కాదు, భయం ఇంకా ముదురుతుంది.

మందు అవసరమైతే సెర్ట్రలిన్ లాంటిది రాస్తారు. సాధారణంగా రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 50కి పెంచుతారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం ఉండొచ్చు. పదిరోజులకే ‘పనిచేయలేదు’ అని మానేయకండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది అల్ప్రాజోలం. అది పీటీఎస్‌డీని తగ్గించదు, అలవాటవుతుంది, భయం వదిలించుకునే చికిత్సకూ అడ్డుపడొచ్చు. అలాగని రేపటినుంచే ఆపేయకండి. రోజూ వాడుతున్నది హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. ఎంత మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాసుకెళ్లి డాక్టరుకు చూపండి, ఆయన కొద్దికొద్దిగా తగ్గిస్తారు. దానితో పాటు మద్యం అసలు వద్దు, ఊపిరికే ప్రమాదం. చనిపోవాలన్న మాట అతని నోట వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416లో ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.