ఆటగాడికి 27 కోట్లు ఎక్కువేనా? పొలం అమ్మే ముందు చూడాల్సిన లెక్క

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. క్రికెట్ తప్ప వాడికి ఇంకో మాట లేదు. ఐపీఎల్ వేలంలో ఒక్కొక్కరికి 20 కోట్లు, 27 కోట్లు పలకడం చూసి, ఇంటర్ వద్దు, హైదరాబాద్‌లో క్రికెట్ అకాడమీలో చేర్పించమని పట్టుబట్టాడు. ఎకరం అమ్మితే రెండు మూడేళ్ల ఖర్చు గడుస్తుంది. కానీ ఆటకు అంత డబ్బు ఇవ్వడమే నాకు అన్యాయం అనిపిస్తోంది. చదువు చెప్పే మాస్టారికి, సరిహద్దులో కాపలా కాసే జవానుకు లేని డబ్బు బంతి కొట్టేవాడికి ఎందుకు? అదంతా మన పన్నుల సొమ్మే కదా? వాడికి ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: ముందుగా ఒక మాట. పొలం అమ్మకండి. ఎందుకో చెప్తాను. అంతకంటే ముందు మీ న్యాయాన్యాయాల ప్రశ్నకు జవాబు చెప్పాలి. అది తేలకపోతే మీరు అబ్బాయితో మాట్లాడేటప్పుడు కోపమే మాట్లాడుతుంది.

ఐపీఎల్ జీతాల్లో పన్నుల సొమ్ము లేదు. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంటే ఏడాదికి 9,600 కోట్లకు పైనే. ఆ డబ్బు పెట్టింది టీవీ, యాప్ కంపెనీలు. వాళ్లు దాన్ని ప్రకటనల నుంచి, చందాల నుంచి రాబట్టుకుంటారు. ఇప్పుడు ఆటగాళ్ల వాటా చూడండి. 2025 సీజన్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్లను కొనడానికి, అట్టిపెట్టుకోవడానికి పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం 120 కోట్లు. పది జట్లకు 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజులు కలుపుకున్నా, ఒక్క ప్రసార హక్కుల సొమ్ములోనే అది ఏడో వంతు దాటదు. అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకే వెళ్తుంది. ఆ లెక్కన మన క్రికెటర్లందరినీ కలిపి చూస్తే వాళ్లకు ఎక్కువ ఇస్తున్నారని నేను అనలేను.

మాస్టారి సంగతి. మీ బాధ నిజమైనదే. కానీ ఆయన ఎంత బాగా చెప్పినా తరగతిలో వినేది నలభై మంది. మీరన్న ఆ 27 కోట్లు పలికిన రిషబ్ పంత్ కొట్టిన సిక్సును అదే క్షణంలో కోట్ల మంది చూస్తారు. ఒక్కొక్కరి నుంచి రూపాయి వచ్చినా అది కోట్లవుతుంది. షెర్విన్ రోజెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1981లోనే ఈ సంగతి వివరించారు: ఒకే మనిషి పనిని అందరూ చూడగలిగే చోట, అందరికంటే కాస్త మెరుగ్గా ఉన్నవాడికే దాదాపు అంతా దక్కుతుంది, రెండో వరసకు చాలా తక్కువ మిగులుతుంది. పంత్ జీతం సగం కోసినా ఆ సగం మీ ఊరి మాస్టారికి చేరదు, జట్టు యజమానికి మిగులుతుంది. మాస్టారి జీతం గురించి అడగాల్సింది ప్రభుత్వాన్ని. గట్టిగా అడగండి కూడా.

నాకు అన్యాయంగా కనిపించేది వేరే ఉంది. అది ఆటగాళ్ల మధ్యే ఉంది. భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ) 2024-25 కాంట్రాక్టుల్లో పురుషులకు పై గ్రేడు 7 కోట్లు, మహిళలకు పై గ్రేడు 50 లక్షలు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఇది పన్నుల సొమ్మే, ఇందులో ఒక్క రూపాయి కూడా వృథా అనుకోను. కానీ ఆ కోటి వచ్చింది పతకం వచ్చాక. పరిగెత్తడం నేర్చుకునే రోజుల్లో తిండికి, బూట్లకు కావాల్సింది ఆ కోటిలో చిన్న ముక్క. అప్పుడు మాత్రం ఏ కోచ్ కంటపడతామా అని పిల్లలు ఎదురుచూడాలి. ఈ రంగంలో ఇన్నాళ్లుగా నన్ను బాధపెడుతున్నది ఇదే.

మీ అబ్బాయి విషయంలోనూ చూడాల్సింది ఆ కింది మెట్టే. 27 కోట్లు చూసి ఆటలోకి వెళ్లాలా వద్దా అని ఎవరూ నిర్ణయించుకోకూడదు. రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీలో ఆడే కుర్రాడి సంపాదన చూడాలి. ఇరవై మ్యాచ్‌ల లోపు ఆడినవాడికి తుది జట్టులో ఉంటే రోజుకు 40,000. లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లు, ఒక్కోటి నాలుగు రోజులు. ఏడూ ఆడితే 11 లక్షల 20 వేలు. రిజర్వులో కూర్చుంటే అందులో సగం. గాయపడి ఇంట్లో కూర్చుంటే ఆ ఫీజు లేదు. వన్డేలు, టీ20ల ఫీజులు కొంత కలుస్తాయి. మంచి సంపాదనే, కాదనను. కానీ దాదాపు 5 కోట్ల జనాభా ఉన్న ఆంధ్రప్రదేశ్ మొత్తానికి రంజీ జట్టు ఒక్కటే. అందులో చోటు పదిహేను, పదహారు మందికి. ఆ చోటు కూడా ఏటా మళ్లీ గెలుచుకోవాల్సిందే.

ఇక వేలం. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలానికి పేర్లు ఇచ్చినవాళ్లు 1,574 మంది. అమ్ముడైనవాళ్లు 182 మంది. పేరిచ్చినవాళ్లలో గల్లీ క్రికెటర్లు లేరు. చాలామంది రాష్ట్రానికో దేశానికో ఆడినవాళ్లే. టీవీలో మీవాడు చూసింది పంత్‌కు 27 కోట్లు పలికిన నిమిషాన్ని. మిగతా పద్నాలుగు వందల మంది ఇళ్లలో ఆ రాత్రి ఎలా గడిచిందో ఏ ఛానల్ చూపించదు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ కూడా 2025లో ఇదే బాధతో, డబ్బున్న కుటుంబం కాకపోతే పిల్లల్ని ఆటనే వృత్తిగా పెట్టుకోనివ్వొద్దని అన్నారు. ఆ మాట మీద చాలా విమర్శ వచ్చింది. నేను అంత దూరం వెళ్లను. పేదింటి పిల్లలు ఆడొద్దంటే సిరాజ్ ఉండేవాడు కాదు, దీప్తి ఉండేది కాదు. కానీ అన్నీ వదులుకుని ఆడించొద్దు అన్నంత వరకు ఆయనతో ఏకీభవిస్తాను.

'నితీశ్ కుమార్ రెడ్డి వాళ్ల నాన్న ఉద్యోగం వదులుకున్నారు కదా' అని మీవాడు తప్పకుండా అంటాడు. నా దగ్గరికి వచ్చే ప్రతి క్రికెట్ కుర్రాడూ అంటాడు. నిజమే, వదులుకున్నారు. నితీశ్‌ను 2023 ఐపీఎల్‌కు 20 లక్షలకు తీసుకున్న సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు 2025కు 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. అయితే ఇంకో అంకె కూడా గుర్తుపెట్టుకోండి. 2017-18 అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నితీశ్ 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. అప్పటికి వయసు 14. మీ ఉత్తరంలో కోట్లు ఉన్నాయి, ఎకరం ఉంది, మీ అబ్బాయి పరుగులూ వికెట్లూ ఎక్కడా లేవు. జిల్లా జట్టుకు ఆడాడా? అండర్-16 రాష్ట్ర ప్రాబబుల్స్‌లో, అంటే జట్టు ఎంపికకు ముందు వేసే జాబితాలో, పేరు వచ్చిందా? ఈ రెంటికీ లేదనే జవాబైతే హైదరాబాద్ అకాడమీ ఫీజు కట్టేది ఆశకు మాత్రమే.

పైగా మీవాడు వచ్చేది ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ పరిధిలోకి. సెలక్షన్ దారి గుంటూరు నుంచి మొదలవుతుంది. హైదరాబాద్‌లో నెట్ ప్రాక్టీస్ చేసినంత మాత్రాన అక్కడి జట్టుకు అర్హత రాదు. కాబట్టి గుంటూరులోనో నరసరావుపేటలోనో ఉండి, జిల్లా మ్యాచ్‌లు ఆడే క్లబ్బులో చేరడం మేలు. నెట్స్‌లో వెయ్యి బంతులు ఆడటం కంటే స్కోరు రాసే మ్యాచ్‌లు పది ఆడితే ఎక్కువ తెలుస్తుంది. బ్యాటు ఖరీదు గురించి టెన్షన్ పడకండి. ముప్పై వేల ఇంగ్లిష్ విల్లో బ్యాటు ఇప్పుడే అవసరం లేదు.

ఇంటర్ మాత్రం మానిపించొద్దు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే రెసిడెన్షియల్ కాలేజీలో వేశారంటే ఆట అక్కడితో అయిపోయినట్టే, అది కూడా చేయొద్దు. సాయంత్రం వదిలే డే కాలేజీ చూడండి. సైన్స్ మీద ఇష్టం ఉంటే బైపీసీ తీసుకోమనండి. రేపు ఫిజియోథెరపీ చదవాలంటే అది కావాలి, ఆటల చుట్టూ నిలకడగా దొరికే పనుల్లో అదొకటి. లేకపోతే సీఈసీ చాలు. డిగ్రీ తర్వాత పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీ చేయొచ్చు, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా చేయొచ్చు. మ్యాచ్‌లు ఎక్కువై కాలేజీ కుదరని రోజు వస్తే ఓపెన్ ఇంటర్ ఉంది.

సర్టిఫికెట్లు జాగ్రత్త. రైల్వేలో, రాష్ట్ర ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు పనికొచ్చేవి గుర్తింపు ఉన్న ఫెడరేషన్ల పోటీలవి, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీలవి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలవి. ఫీజు కట్టించుకుని ఆడించే ప్రైవేటు లీగుల కప్పులు షోకేసుకే. ఇంకొకటి, ఫలానా సెలక్టరు మనవాడే, ఇన్ని లక్షలిస్తే జట్టులో వేయిస్తాడు అనేవాడు ఎవరొచ్చినా గుమ్మం దగ్గరే ఆపేయండి. అలా పొలం పోగొట్టుకున్న తండ్రులు నా ఎదురుగా కూర్చుని ఏడ్చారు.

అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఆట వద్దనకండి. ఇంటర్ రెండేళ్లూ రోజూ ప్రాక్టీస్‌కు పంపుతానని మాటివ్వండి. ఆ రెండేళ్లలో జిల్లా జట్టులో చోటు, ఆ తర్వాత రాష్ట్ర అండర్-19 ప్రాబబుల్స్‌లో పేరు తెచ్చుకోవాలని, రాకపోతే డిగ్రీలో చేరి యూనివర్సిటీ జట్టుకు ఆడాలని ఇద్దరూ కలిసి ఒప్పందం రాసుకోండి. వాడి చేతే రాయించండి. అండర్-19కు వస్తే అప్పుడు డబ్బు గురించి మళ్లీ ఆలోచించవచ్చు, అప్పుడు కూడా ఎకరం అమ్మకుండానే దారులు వెతుకుదాం.

పదో తరగతి పరీక్షలు అయ్యాక, వాడు ఆడిన మ్యాచ్‌ల స్కోరు షీట్లు, కోచ్ అభిప్రాయం రాసిన కాగితం నాకు పంపండి. అబ్బాయిని కూడా ఫోన్ చేయమనండి, వాడితో విడిగా మాట్లాడతాను.