మొదటి పది ఫోటాన్లు జాగ్రత్త

అమ్మాయీ,

నీ సింటిలేషన్ డిటెక్టర్ (కిరణం తగిలితే స్ఫటికం వెలుగు చిమ్మే, ఆ వెలుగును సెన్సర్ పట్టుకునే పరికరం) గ్రాఫు చూశాను. సోడియం-22 అనే రేడియోధార్మిక మూలంతో అంత బాగా వచ్చిన టైమింగ్ (కిరణం ఎప్పుడు తగిలిందో ఎంత కచ్చితంగా చెప్పగలమన్నది) ఎక్స్-రేల దగ్గరికొచ్చేసరికి మూడింతలు చెడిపోయిందని టెన్షన్ పడుతున్నావు. అందులో నీ తప్పేమీ లేదు. అక్కడ కిరణం శక్తి 511 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు), ఇక్కడ 60. వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోతే, వర్గమూలం లెక్కన టైమింగ్ దాదాపు మూడు రెట్లు పాడవుతుంది. కాబట్టి ఆ యాంప్లిఫయర్ బోర్డు విప్పడం ఆపి, కాగితం తీసుకుని ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, లెక్కపెట్టు.

నీ ఎల్‌వైఎస్‌ఓ (లుటీషియం ఉన్న సిలికేట్) స్ఫటికం కేఈవీకి సుమారు 30 ఫోటాన్లు ఇస్తుంది. అంటే 60 కేఈవీకి 1,800. నిజానికి తక్కువ శక్తి దగ్గర ఇది ఇంకాస్త పిసినారి. పావు వంతు నీ సెన్సర్‌కు అందాయనుకో, 450. అవన్నీ ఒకేసారి రావు, 40 నానోసెకన్ల క్షయకాలంతో (వెలుగు తగ్గిపోవడానికి పట్టే సమయం) పలచగా వస్తాయి. మొదటి నానోసెకనులో నీ చేతికి చిక్కేవి పది, పదకొండు. టైమింగ్ అంతా ఆ పదింటి మీదే నడుస్తుంది, తర్వాత వచ్చేవి శక్తి కొలవడానికే పనికొస్తాయి. ఇదే లెక్క లాంథనం బ్రోమైడ్ అనే మరో స్ఫటికానికి వేయి: కేఈవీకి 63 ఫోటాన్లు, క్షయకాలం 16 నానోసెకన్లు. మొదటి నానోసెకనులో యాభై దాటతాయి. సోడియం అయొడైడ్‌కైతే, దాని వెలుగు చాలా నెమ్మదిగా వస్తుంది కాబట్టి, రెండు మూడు. వెలుగు ఎక్కువిస్తుందని దాన్ని ఎంచుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. లాంథనం బ్రోమైడ్ తేమ తగిలితే పాడైపోతుంది కాబట్టి సీలు చేసిన డబ్బాలోనే కొను.

స్ఫటికం మార్చడం కుదరకపోతే దాని మందం తగ్గించు. 511 కోసం చేసిన 20 మిల్లీమీటర్ల కడ్డీ నీకెందుకు? 60 కేఈవీ ఎక్స్-రేలు ఎల్‌వైఎస్‌ఓలో మొదటి రెండు మిల్లీమీటర్లలోనే దాదాపు అన్నీ ఆగిపోతాయి. మిగతా పొడవంతా వెలుగు గోడలకు కొట్టుకుంటూ తిరిగే దారి మాత్రమే. పలచని ముక్కలో లుటీషియం సొంత రేడియోధార్మికత గోల కూడా తగ్గుతుంది.

ఇక స్ఫటికాన్ని సెన్సర్‌కు అతికించడం. ఆప్టికల్ గ్రీజు పూసేటప్పుడు స్ఫటికాన్ని ఏటవాలుగా ఒక అంచున ఆనించి, మెల్లగా వాల్చి, కొద్దిగా గుండ్రంగా రుద్దు. నిలువుగా నొక్కావో, మధ్యలో గాలిబుడగ చిక్కుకుంటుంది. వేళ్లతో మెరుగు ముఖాన్ని ముట్టుకోకు. మిగతా ముఖాలకు టెఫ్లాన్ టేపు మూడు నాలుగు పొరలు చుట్టు. ఈ పనికి ఒక పూట పట్టినా ఫర్వాలేదు.

ఎలక్ట్రానిక్స్ గురించి ఒక్క మాటే. ఇంత తక్కువ ఫోటాన్లున్నప్పుడు సెన్సర్ ఇచ్చే విద్యుత్ పల్స్ ఆకారమే ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే కాన్‌స్టంట్ ఫ్రాక్షన్ (పల్స్ ఎత్తులో ఒక స్థిరమైన వంతు దగ్గర సమయం తీసే పద్ధతి) మీద నాకంత నమ్మకం లేదు. థ్రెషోల్డును (ఏ పల్స్ ఎత్తు దగ్గర సమయం నమోదవుతుందో ఆ గీతను) రెండు మూడు ఫోటాన్ల స్థాయికి దించి, ఎత్తును బట్టి వచ్చే జరుగుబాటును తర్వాత సరిదిద్దుకో. థ్రెషోల్డు దించగానే నీ సెన్సర్, అంటే సిలికాన్ ఫోటోమల్టిప్లయర్, నుంచి చీకటి పల్సులు (వెలుగు లేకున్నా పుట్టేవి) వచ్చిపడతాయి, కాబట్టి దాన్ని చల్లబరచు, ఉష్ణోగ్రత కదలనివ్వకు.

చివరగా, నేను పడిన గుంటలో నువ్వు పడకు. 60 కేఈవీ దగ్గర కొలవాలంటే చేతికందేది అమెరీసియం-241 అనే రేడియోధార్మిక మూలం. అది వదిలే ఆల్ఫా కణంతో గడియారం మొదలుపెట్టి, 59.5 కేఈవీ గామాతో ఆపుదామని నేనూ తెలివిగా అనుకున్నాను. తెర మీద శిఖరానికి బదులు పొడుగాటి తోక కనిపించింది. రెండు వారాలు స్ఫటికాలు మార్చాను, కేబుళ్లు మార్చాను, తోక మాత్రం కదల్లేదు. తీరా చూస్తే ఆల్ఫా వెళ్లిపోయాక మిగిలిన నెప్ట్యూనియం కేంద్రకం, గామాను వదిలే ముందు, ఆ శక్తి స్థాయిలో 67 నానోసెకన్ల అర్ధాయువుతో తీరిగ్గా కూర్చుంటుందట! నేను కొలిచింది డిటెక్టర్‌ను కాదు, కేంద్రకాన్ని. శక్తి క్యాలిబ్రేషన్‌కు అమెరీసియం వాడు. టైమింగ్‌కు లేజర్‌తో నడిచే పల్స్‌డ్ ఎక్స్-రే ట్యూబు దగ్గర సమయం అడుగు. అక్కడ తీసిన గ్రాఫు, మొదటి నానోసెకనుకు నువ్వు వేసిన లెక్క, రెండూ ఒకే కాగితం మీద పంపించు.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు